విశాఖ సినిమా హాళ్ల యజమానులకు బహిరంగ లేఖ: ఆదివారం మార్నింగ్ షో బాండ్‌కి ఇవ్వండి

అయ్యా,

కొత్త బొమ్మ శుక్రవారం వచ్చి సోమవారానికల్లా చల్లబడిపోతోందని మీరే అంటున్నారు. హాలుకి అద్దెనా, వసూళ్లలో పర్సంటేజీయా అన్న పంచాయితీ ఎటూ తేలడం లేదు. మధ్యలో ఏ హీరో పుట్టినరోజో వస్తే పాత సినిమాని 4కే చేయించి వేస్తున్నారు. కుర్రాళ్లు వచ్చి కాగితాలు చల్లి, సీట్లెక్కి గెంతి, రెండ్రోజులు పండగ చేసుకుని వెళ్లిపోతున్నారు. ఆ పండగ మీద నాకేం కోపం లేదు. నేను అడిగేది మిగిలిన రోజుల సంగతి, ముఖ్యంగా ఆదివారం ఉదయం ఆట సంగతి. ఒకప్పుడు మన ఊళ్లలో ఆదివారం మార్నింగ్ షో అంటే ఇంగ్లీషు సినిమాయే. ఆ ఆట జేమ్స్ బాండ్‌కి ఇవ్వండి.

ఊరికే అడగడం లేదు. 1962లో వచ్చిన ‘డాక్టర్ నో’ మొదలు 2021లో వచ్చిన ‘నో టైమ్ టు డై’ దాకా, ఈఆన్ ప్రొడక్షన్స్ తీసిన 25 సినిమాలూ వరసగా మళ్లీ చూసి, ర్యాంకులు వేసుకుని మరీ రాస్తున్నాను. బాండ్ ర్యాంకుల గొడవ ఎక్కడ మొదలైనా చివరికి ఎవరు గొప్ప బాండ్ అన్న దగ్గరే ఆగుతుంది. షాన్ కానరీ అంటాడొకడు, రోజర్ మూర్ అంటాడింకొకడు, ఈ తరం వాళ్లంతా క్రెయిగ్ అంటారు. మీకు ఆ తగువు అనవసరం. హాలు నడిపేవాళ్లకి కావాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ సినిమా పెద్ద తెర మీద, చీకట్లో, నలుగురి మధ్య చూడకపోతే సగం చచ్చిపోతుంది? నా ర్యాంకులన్నీ ఆ లెక్కనే. అందుకే ఇవి మామూలుగా కనబడే వరసలో ఉండవు.

విశాఖలోనే ఎందుకు అంటారా? బాండ్ చేసేది గూఢచారి పనే కానీ అతని హోదా నేవీ కమాండర్. ఆ పాత్రని పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నేవల్ ఇంటెలిజెన్స్‌లో పనిచేసినవాడు. తూర్పు నౌకాదళానికి కేంద్రమైన ఊళ్లో, అపార్టుమెంటుకో నేవీ కుటుంబం కనబడే చోట, ఈ సినిమాలకి ప్రేక్షకులు దొరకరంటే నేను నమ్మను.

మొదటి ఆదివారానికి 1977 నాటి ‘ద స్పై హూ లవ్డ్ మీ’ వేయండి. నా లెక్కలో ఇది రెండో ర్యాంకు. ఒకటో ర్యాంకు దానితో మొదలుపెట్టకపోవడానికి కారణం తర్వాత చెబుతాను. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరీన్ ఎక్కి చూడనివాళ్లు ఈ ఊళ్లో తక్కువ. గుండ్రటి గుమ్మంలోంచి ఒళ్లు ముడుచుకుని అవతలికి దూరాలి. టార్పెడోల పక్కనే పడకలు. ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు గోడకి అతుక్కుపోవాలి. సుమారు 91 మీటర్ల పొడవున్న ఆ సోవియట్ సబ్‌మెరీన్‌లో మనవాళ్లు నెలల తరబడి ఎలా ఉన్నారో అనుకుంటూ బయటికొస్తాం. అలాంటిది ఈ సినిమాలో విలన్ ఓ ఆయిల్ ట్యాంకరు ముక్కు తెరిచి ఏకంగా మూడు అణు సబ్‌మెరీన్లని మింగేస్తాడు. అవి లోపల పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఆ సెట్టు పట్టే స్టేజీ ఎక్కడా లేకపోతే 1976లో పైన్‌వుడ్ స్టూడియోలో దానికోసమే కొత్తది కట్టారు. డిజైన్ చేసింది కెన్ ఆడమ్. అంత పెద్ద సెట్టుకి లైటింగ్ ఎలాగా అని తల పట్టుకుంటే, దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ గుట్టుగా వచ్చి సలహా చెప్పి వెళ్లాడు. ఇంత చేసి తీసిన దాన్ని మనం ఫోన్లో, మెట్రో సిటీ బస్సులో నిలబడి చూస్తున్నాం.

ఈ సినిమా మొదట్లోనే ఇంకొకటుంది. బాండ్ స్కీల మీద దూసుకుంటూ వచ్చి కొండ అంచు దాటి గాల్లోకి వెళ్లిపోతాడు. కెనడాలో బాఫిన్ దీవిలోని మౌంట్ ఆస్గార్డ్ మీద నుంచి రిక్ సిల్వెస్టర్ అనే ఆయన నిజంగానే దూకాడు. దూకగానే సంగీతం ఆగిపోతుంది. గాలి తప్ప ఏమీ వినబడదు. మనిషి పడుతూనే ఉంటాడు. స్కీలు ఊడిపోతాయి. అప్పుడు బ్రిటిష్ జెండా రంగుల ప్యారాచూట్ విచ్చుకుంటుంది, దాంతో బాటే బాండ్ మ్యూజిక్ దూకుతుంది. ఊడిన స్కీ ఒకటి ఆ ప్యారాచూట్‌ని రాసుకుంటూ పోతుంది. అది చిక్కుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. చిన్న తెర మీద ఆ స్కీ ఓ గీతలా కూడా కనబడదు. పైగా ఆ నిశ్శబ్దం మూడొందల మంది ఊపిరి బిగబడితే గానీ నిశ్శబ్దం అనిపించదు. ఇంట్లో అయితే సరిగ్గా అప్పుడే కుక్కర్ కూత పెడుతుంది.

నిశ్శబ్దం ప్రసక్తి వచ్చింది కాబట్టి రెండో ఆదివారానికి ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’, 1963. నాలుగో ర్యాంకు. దీన్లో పేలుళ్లు తక్కువ. పెద్ద తెర దీనికెందుకు అని మీకే అనుమానం రావచ్చు. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైల్లో కానరీకీ, విలన్ మనిషిగా వేసిన రాబర్ట్ షాకీ జరిగే కొట్లాట చూడండి. అది రెండు పడకల ఇరుకు కంపార్టుమెంట్. లైటు పగిలిపోతుంది, రాత్రి దీపం నీలం వెలుగు ఒక్కటే మిగులుతుంది. నేపథ్య సంగీతం లేదు. రైలు చప్పుడు, గుద్దుల చప్పుడు, గస. ఎడిటర్ పీటర్ హంట్ కత్తిరించిన తీరుకి, ఆ తర్వాత 60 ఏళ్లలో ఎంతమంది రైలు ఫైటు తీసినా దీని కిందే ఉండిపోయారు. అంతకుముందు డైనింగ్ కారులో పెద్దమనిషి వేషంలో ఉన్న షా చేపతో రెడ్ వైన్ అడుగుతాడు. చేపకి వైట్ వైన్ తాగడం వాళ్ల మర్యాద. బాండ్‌కి అనుమానం రావాల్సిన చోటది. హాల్లో ఎవరో ఒకరు పసిగట్టి పక్కవాడి మోచేతిని పొడుస్తారు. ఆ మజా వేరు.

ఈ ఊరివాళ్లకి ఈ కథలో ఇంకో విషయం తగులుతుంది. బాండ్‌ని పట్టడానికి ఇస్తాంబుల్‌లో ఒకమ్మాయిని ఎరగా వేస్తారు. ఆమెకీ తాను ఎవరికోసం పనిచేస్తోందో తెలియదు. హోటల్ గదిలో అద్దం వెనక కెమెరా పెట్టి ఇద్దర్నీ చిత్రీకరిస్తారు, తర్వాత ఆ రీలుతో పరువు తీయడానికి. 2019 డిసెంబరులో మన డాల్ఫిన్ నోస్ కొండ పేరే పెట్టి జరిపిన ఆపరేషన్ గుర్తుంది కదా. రాష్ట్ర ఇంటెలిజెన్స్ పోలీసులు, నేవీ ఇంటెలిజెన్స్ కలిసి ఏడుగురు నేవీ సిబ్బందినీ, ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేశారు. పాకిస్తాన్ గూఢచారులు ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో ఆ సిబ్బందితో పరిచయం పెంచుకుని, ఓడల కదలికలు రాబట్టారన్నది అభియోగం. కేసు ఎన్‌ఐఏకి వెళ్లింది. ఆ నెలాఖరుకే నేవీ స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లూ ఫేస్‌బుక్కూ బంద్ అయ్యాయి. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ లేదు, అద్దం వెనక కెమెరా లేదు, చేతిలో ఫోను చాలింది. 25 సినిమాల్లో నిజానికి దగ్గరగా వచ్చిన పన్నాగం ఏదంటే అదే, రెండో సినిమాలోదే. లేజర్లూ, అగ్నిపర్వతంలో రాకెట్లూ కావు.

ఇక ఒకటో ర్యాంకు. ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’, 1969. పేరు చెప్పగానే మీలో సగం మంది “ఆ ఒక్క సినిమావాడా?” అంటారు. అవును, జార్జ్ లాజెన్‌బీ. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మోడల్, అంతకుముందు నటించిన అనుభవం లేదు, ఆ తర్వాత బాండ్‌గా మళ్లీ చేయలేదు. అందుకే దీన్ని మొదటివారం వేయొద్దంటున్నాను. తెలియని మొహానికి కొత్తవాళ్లు రారు. నాలుగో వారానికి మీ మీద నమ్మకం కుదిరాక వేయండి.

దీన్లో మంచు మీద ఛేజింగులు ఎలా తీశారో తెలుసా? విలీ బోగ్నర్ అనే స్కీయింగ్ వీరుడు కెమెరా పట్టుకుని వెనక్కి స్కీయింగ్ చేస్తూ తీశాడు. పైనుంచి తీసినవి జానీ జోర్డన్ అనే కెమెరామన్ హెలికాప్టర్ కింద వేలాడుతూ తీసినవి. అంతకు ముందు బాండ్ సినిమా షూటింగులోనే, హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన కాలు పోయింది. అయినా మళ్లీ వచ్చి గాల్లో వేలాడాడు. కానీ నేను దీనికి మొదటి ర్యాంకు ఇచ్చింది ఛేజింగులకి కాదు. స్విట్జర్లాండులోని ఓ ఊళ్లో తిరునాళ్ల లాంటి సందడి. బాండ్ తప్పించుకుని ఆ జనంలోకి వస్తాడు. కాలరు పైకి లాక్కుని, ఐస్ స్కేటింగ్ జరిగే చోట ఓ బెంచీ మీద తల వంచుకుని కూర్చుంటాడు. అతనికి భయమేస్తోంది. ఎలుగుబంటి వేషం వేసుకున్నవాడెవడో ఎదురొచ్చి ఫ్లాష్ కొడితే ఉలిక్కిపడతాడు. బాండ్ ఇలా బెదిరిపోవడం అంతకుముందు లేదు. అప్పుడు మంచు మీద జారుకుంటూ వచ్చిన రెండు కాళ్లు సరిగ్గా అతని ముందు ఆగుతాయి. కెమెరా మెల్లగా పైకి వెళితే కథానాయిక ట్రేసీ. వేసింది డయానా రిగ్. ఆమెని చూశాక అతని మొహం చూడండి. అనుభవం లేని నటుడు కాబట్టే ఆ మొహంలో నటన కనబడదేమో. సినిమా ముగింపు ఏమిటో ఇక్కడ చెప్పను, తెలియనివాళ్లు హాల్లోనే చూడాలి. శుభం కార్డు పడగానే మీవాళ్లు తలుపులు బార్లా తెరిచి లైట్లేయకుండా ఉంటే చాలు.

మూడో ర్యాంకు 2006 ‘కేసినో రాయల్’కి. డేనియల్ క్రెయిగ్ మొదటిది, దర్శకుడు మార్టిన్ క్యాంప్‌బెల్. మెట్ల దగ్గర బాండ్ ఇద్దర్ని చంపిన తర్వాత, అది కళ్లారా చూసిన కథానాయిక వెస్పర్ షవర్ కింద బట్టలతోనే కూర్చుని వణుకుతుంటుంది. బాండ్ తన చొక్కా కూడా విప్పకుండా వచ్చి పక్కన కూర్చుంటాడు. అంతకుమించి ఏమీ జరగదు. ఆ సీన్లో హాలు ఎలా ఉంటుందో నాకు చూడాలనుంది. ఐదోది ‘స్కైఫాల్’. ఇది తెలుగు డబ్బింగుతో కూడా వచ్చింది, 100 కోట్ల డాలర్లు దాటిన మొదటి బాండ్ సినిమా. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్. షాంఘై భవనంలో ఫైటు మొత్తం వెనకాల నియాన్ వెలుగులో నీడలుగా సాగుతుంది. ఇంట్లో కిటికీ తెర సరిగ్గా వేయకపోతే ఆ సీన్లో మన మొహమే కనబడుతుంది.

ఇప్పుడు మీలో బాండ్ అభిమానులు నా మీద విరుచుకుపడే చోటు. ‘గోల్డ్‌ఫింగర్’కి తొమ్మిదో ర్యాంకు ఇచ్చాను. సినిమా బాగాలేక కాదు, అది ఎక్కడ చూసినా బాగుంటుంది. టీవీలో ఏమీ పోగొట్టుకోని సినిమాకి మీ ఆదివారం ఎందుకు ఖర్చు చేయాలి? దానికంటే ‘మూన్‌రేకర్’ పైనుంది, ఏడో స్థానంలో. కథ పరమ అసంబద్ధం. విలన్ అంతరిక్షంలో కొత్త మానవజాతిని పెంచుతానంటాడు. మూర్ కూడా కనుబొమ్మ ఎగరేసి మనతో పాటే నవ్వుకుంటాడు. కానీ మొదట్లో విమానంలోంచి ప్యారాచూట్ లేకుండా పడుతూ, గాల్లోనే ఇంకొకడి ప్యారాచూట్ లాక్కునే ఆ ఆకాశం ఫైటు నిజంగా మనుషులు దూకి తీసింది. 1979లో అలా తీశారు. దాన్ని పెద్ద తెర మీద చూశాక మిగతా రెండు గంటలు క్షమించేస్తారు. టిమోతీ డాల్టన్ ‘ద లివింగ్ డేలైట్స్’కి ఆరు. సరుకు విమానం వెనక వల పట్టుకుని వేలాడే ఫైటు ఒక్కటి చాలు. డాల్టన్‌కి దక్కాల్సినంత పేరు దక్కలేదన్నది నా పాత బాధ.

‘ఆక్టోపసీ’ గురించి మాట్లాడకపోతే ఒప్పుకోరు. 1983, ఉదయ్‌పూర్. కబీర్ బేడీ పాచికలని గుప్పిట్లో పిండి పొడి చేస్తాడు. టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్ ఆటోలో వెళ్తూ రౌడీలని రాకెట్‌తో కొడుతుంటే, చుట్టూ ఉన్న జనం టెన్నిస్ మ్యాచ్ చూస్తున్నట్టు తలలు అటూ ఇటూ తిప్పుతారు. పాములవాడు నాగస్వరంలో బాండ్ ట్యూన్ వాయిస్తాడు. మేకుల పడకలు, నిప్పుల గుండాలు, మనకి వాళ్లు తగిలించే సరంజామా అంతా ఉంది. బాండ్ ఒకడి చేతిలో నోట్లు పెట్టి, నీకు కొన్ని వారాల కర్రీకి సరిపోతాయి అంటాడు. ఆ మాటకి హాల్లో ఈలలు వస్తాయో తిట్లు వస్తాయో గానీ రెండూ న్యాయమే. దీన్ని వేయండి. మధ్యలో ఎక్కడో, పదిహేనులో ఉంది నా లెక్కలో.

అడుగున ఉన్నవి త్వరగా చెప్పేస్తాను. పెద్ద తెర ఎంత ఇస్తుందో అంత బయటపెడుతుంది కూడా. ‘ఎ వ్యూ టు ఎ కిల్’ నాటికి రోజర్ మూర్‌కి 57 ఏళ్లు, ఫైట్లలో డూప్ మొహం బాల్కనీ నుంచి కూడా తెలిసిపోతుంది. ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’లో కట్లు ఎంత వేగమంటే ముందు వరసవాళ్లకి తలనొప్పి గ్యారంటీ. ఆఖరి స్థానం ‘డై అనదర్ డే’, 2002. కంప్యూటర్‌లో చేసిన రాకాసి అల మీద బాండ్ సర్ఫింగ్ చేస్తాడు. రుషికొండ అలలు చూసిన జనం ముందు దాన్ని వేసి పరువు పోగొట్టుకోకండి.

పాతవాటిలో ఇంకో చిక్కుంది. ‘గోల్డ్‌ఫింగర్’లో గడ్డివాము సీను, ‘థండర్‌బాల్’లో నర్సుని బెదిరించి లొంగదీసుకునే తీరు ఈరోజు ఒళ్లు జలదరింపజేస్తాయి. ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’లో కానరీకి మేకప్ వేసి జపాన్ వాడని నమ్మించబోతారు. ఇవి కోసి వేయమని నేను అడగను. 2015లో ‘స్పెక్టర్’లో ముద్దుల నిడివి సెన్సార్ వాళ్లు కత్తిరిస్తే దేశమంతా నవ్వింది. ఉన్నది ఉన్నట్టు వేయండి, కాకపోతే పిల్లల్ని తీసుకురమ్మని పోస్టర్ మీద రాయకండి. ‘టుమారో నెవర్ డైస్’ని మాత్రం పదో స్థానానికి ఎక్కించాను. తన ఛానెల్‌కి వార్తలు కావాలని రెండు దేశాల మధ్య యుద్ధం పెట్టబోయే మీడియా అధిపతి కథ అది, 1997లో. అప్పట్లో అతిగా ఉందన్నారు. రాత్రి తొమ్మిదింటి డిబేట్లు చూసేవాళ్లకి ఇప్పుడేమీ అతిగా అనిపించదు.

ఇక వేసే పద్ధతి. ఇంటర్వెల్ గురించి చేతులు జోడించి అడుగుతున్నాను. హాలీవుడ్ సినిమాకి విశ్రాంతి ఉండదు కాబట్టి మీ ఆపరేటర్ గడియారం చూసి కొడతాడు. ‘నో టైమ్ టు డై’ వచ్చినప్పుడు ఒక హాల్లో మాట సగంలో తెగిపోయి లైట్లు వెలిగాయి, తిరిగొచ్చేసరికి ఆ సగం మాట గురించే జనం గొడవ. ముందే ఒకరు సినిమా చూసి చోటు చూసుకుంటే చాలు. ‘ద స్పై హూ లవ్డ్ మీ’లో తెల్ల లోటస్ కారు సముద్రంలోంచి నడుచుకుంటూ ఇసుక మీదకి వస్తుంది. బీచ్‌లో పడుకున్నవాళ్లు లేచి నోళ్లు తెరుస్తారు. ఒకాయన చేతిలో సీసా వంక అనుమానంగా చూసుకుంటాడు. బాండ్ కారు అద్దం దించి లోపలికి వచ్చేసిన చిన్న చేపని బయట పడేస్తాడు. అక్కడ కొట్టండి ఇంటర్వెల్. సమోసాలు రెట్టింపు అమ్ముడుపోతాయి. ‘ఫ్రమ్ రష్యా’కి అయితే రైలెక్కే ముందు. లాజెన్‌బీ సినిమాకి విలన్ బ్లోఫెల్డ్ చేతికి బాండ్ దొరికిపోయిన చోట.

తెర సైజు చూసుకోండి. మొదట వచ్చిన మూడు బాండ్ సినిమాలూ స్కోప్‌వి, అంటే బాగా వెడల్పు బొమ్మవి, కావు, ‘థండర్‌బాల్’తోనే స్కోప్ మొదలైంది. 1973, 74లో వచ్చిన మూర్ మొదటి రెండూ మళ్లీ స్కోప్ కావు. తెర నిండాలని సాగదీస్తే కానరీ లావైపోతాడు, పైనా కిందా కోస్తే తలలు ఎగిరిపోతాయి. పక్కన నల్లగా మిగిలితే మిగలనివ్వండి, తెర పక్కల నల్ల గుడ్డ, అదే మాస్కింగ్, దగ్గరికి లాగండి. డబ్బింగుకి ఖర్చు పెట్టొద్దు, తెలుగు సబ్‌టైటిల్స్ చాలు. డబ్బింగంటే చిన్నచూపుతో అనడం లేదు లెండి, అసలు ఇంగ్లీషులోనే గోల్డ్‌ఫింగర్ విలన్‌కి వేరేవాళ్లు గొంతిచ్చారు, ‘డాక్టర్ నో’లో సముద్రంలోంచి వచ్చే ఉర్సులా ఆండ్రెస్‌కీ అంతే.

ప్రింట్లు దొరకవనే సాకు చెల్లదు. 60 ఏళ్ల సందర్భంగా 2022లో బ్రిటన్‌లో వీటిని హాళ్లలో మళ్లీ వేశారు. బాండ్ సినిమాల స్టూడియో ఎంజీఎం ఇప్పుడు అమెజాన్‌ది, 2025లో బాండ్ సినిమాల మీద సృజనాత్మక పెత్తనం కూడా వాళ్ల చేతికే వెళ్లింది. డెనీ విల్‌నేవ్ దర్శకత్వంలో తర్వాతిది అని ప్రకటించారు కూడా. అది వచ్చేలోగా పాతవాటిని గుర్తుచేయడం వాళ్లకీ లాభమే. ఒక్క హాలు అడిగితే జవాబు కూడా రాకపోవచ్చు. జగదాంబ జంక్షన్ నుంచి గాజువాక దాకా ఉన్న హాళ్ల వాళ్లు నలుగురు కలిసి, హైదరాబాద్‌లో ఇంగ్లీషు సినిమాలు పంచే డిస్ట్రిబ్యూటర్ ద్వారా అడగండి. ఎవరికి ఏ ఆదివారం అన్నది మీలో మీరు చీటీలు వేసుకోండి.

మధ్యలో ఒక వారం 1966 నాటి ‘గూఢచారి 116’ కూడా పెట్టండి. ‘డాక్టర్ నో’ వచ్చిన నాలుగేళ్లకే కృష్ణ గారిని ఆంధ్రా జేమ్స్ బాండ్ చేసిన సినిమా. ఆ వారం మాత్రం కాగితాలు చల్లుకోనివ్వండి, ఊడ్చేవాళ్లకి ఓ వంద ఎక్కువిచ్చి.

మొదటి ఆదివారం సగం హాలు కూడా నిండకపోవచ్చు. కరెంటు ఖర్చు, స్టాఫ్ ఖర్చు మీకుంటాయి, తెలుసు. అందుకే నాలుగు వారాలు వేసి చూడమంటున్నాను, 25 వారాలు కాదు. బాల్కనీ రేటు మామూలుగానే ఉంచండి. ముందు ఒప్పుకున్న హాల్లో మొదటి ఆటకి పది టికెట్లు నేను కొంటాను, మా వీధిలో నేవీలో చేసి రిటైరైన పెద్దాయనలు ముగ్గురున్నారు, వాళ్లని కూర్చోబెట్టుకుని వస్తాను. సబ్‌మెరీన్ సీన్లలో వాళ్లు గట్టిగా తప్పులు ఎన్నుతారు. వెనక వరస ఇవ్వండి.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ నుంచి ఒక సినిమా ప్రేక్షకుడు